పదో మనిషి చోటు

ఎస్.కోటలో బండెక్కాను

బస్తర్ వెళ్ళొచ్చానని తెలిసిన దగ్గర్నుంచి మా వీధిలో అందరివీ అవే రెండు ప్రశ్నలు. జలపాతం చూశావా? భయం వెయ్యలేదా? జలపాతం చూడలేదండీ, నా దారిలో పడలేదు. భయం వేసింది. ఎక్కడ వేసిందో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. ఓపికుంటే చదవండి.

నేను ముప్పై మూడేళ్ళు ఏఎన్ఎమ్‌గా పనిచేశాను. టీకాల పెట్టె భుజాన వేసుకుని అనంతగిరి కొండలన్నీ తిరిగినదాన్ని, మోకాళ్ళు అక్కడే అరిగిపోయాయి. రిటైరయ్యాక ఊరికే కూర్చోలేక అందరినీ కసురుతున్నానని మా కోడలి బాధ. అలాంటప్పుడు బచేలి నుంచి మా చెల్లెలు రత్నం ఫోన్ చేసింది. దాని భర్త దానియేలు రైల్వేలో ట్రాక్‌మన్. పెళ్ళయిన కొత్తలో కిరండూల్ లైను మీద పోస్టింగ్ అని వెళ్ళి అక్కడే ఉండిపోయారు. వాళ్ళ ఒక్కగానొక్క కూతురు ఎస్తేరు. పల్లెల్లో ఆడవాళ్ళకి గ్రూపులు కట్టి అప్పులిచ్చే ఒక ఫైనాన్స్ కంపెనీలో దానికి ఉద్యోగం దొరికింది. ఆ కంపెనీ బస్తర్‌లో వరసగా బ్రాంచీలు తెరుస్తోందట, అక్కడి పిల్లల్నే పనిలోకి తీసుకుంటోందట.

“ఆరు నెల్లు ట్రైనింగక్కా. వచ్చే శనారం పర్మినెంటు కాయితం చేతికిచ్చీస్తారు. ఆ సంబరానికైనా రావేటి?” అంది రత్నం.

పులిహోర కట్టుకుని, తెల్ల చీర కట్టుకుని బయల్దేరాను. తెల్ల చీర కట్టడం నేను చేసిన మొదటి తెలివితక్కువ పని. అరకు దాటేదాకా బాగానే ఉంది. ఆ తరవాత ఎదురొచ్చే గూడ్సు బండ్లకి దారివ్వడానికి మా బండి ప్రతి స్టేషన్లోనూ నిలబడిపోయింది. ఒక్కో గూడ్సు పోతుంటే ఎర్ర దుమ్ము కిటికీలోంచి వచ్చి పులిహోర మీద కూడా వాలింది. ఎదురు సీట్లో జగదల్‌పూర్‌లో దిగాల్సిన ముసలాయన, ఒకప్పుడు ఈ లైన్లోనే కలాసీగా చేశాడట, నా విసుగు చూసి నవ్వాడు.

“ఈ లైను మనుషుల కోసం వెయ్యలేదమ్మా. గనిలోని ఇనుప రాయి కోసం వేశారు. రోజూ రెండు పెట్టెలు మనకిచ్చారంటే అదే గొప్ప” అన్నాడు.

నేను ఆయనకి పులిహోర పెట్టాను. దుమ్ము దులుపుకుని తిన్నాడు, ఉప్పు తగ్గిందన్నాడు. నిజమే, తగ్గింది.

బచేలి, ఎర్ర నీళ్ళు

మర్నాడు పొద్దున చీర ఉతికితే బకెట్లో నీళ్ళు పసుపు కుంకం కలిపినట్టయ్యాయి. చీర మాత్రం మళ్ళీ తెల్లగా కాలేదు. “ఇక్కడ తెల్లవి కట్టరక్కా, సెప్పడం మర్సిపోనాను” అని రత్నం తీరిగ్గా చెప్పింది.

ఊరు రెండు ముక్కలుగా ఉంటుంది. కొండ కింద గని కంపెనీ క్వార్టర్లు, చెట్ల నీడ, స్కూలు, పెద్ద ఆస్పత్రి. ఆ ఆస్పత్రి చూస్తే నాకు కళ్ళు కుట్టాయి, నా సర్వీసులో అంత శుభ్రమైన లేబర్ రూము చూడలేదు. రెండో ముక్క పట్టాల పక్కన రైల్వే లైన్లు, రెండేసి గదుల ఇళ్ళు. ఆ రెంటికీ దూరంగా వాగు. నీళ్ళు ఇటుక రంగులో పారుతున్నాయి. వాగు పక్కన మడిలో ఒక ముసలావిడ మట్టి తవ్వి గట్టు మీద పోస్తోంది. ఏం చేస్తున్నావని అడిగితే, వానల్లో కొండ మీంచి దిగిన బురద తీస్తున్నానంది, అది తియ్యకపోతే విత్తనం మొలవదట. ప్రతి ఏడూ తీస్తుందట. రత్నం ఆ మాట నాకు తెలుగులో చెప్పి, ఇదేం కొత్త కాదన్నట్టు ముందుకు నడిచింది.

ఇంటికొచ్చాక అసలు సంగతి చెప్పింది. దానియేలు మే నెలలో రిటైరవుతున్నాడు. క్వార్టరు ఖాళీ చెయ్యాలి. మా నాన్న ఇచ్చిన సెంటు స్థలం ఏనాడో అతని వెన్ను ఆపరేషన్‌కి అమ్ముకున్నారు. బచేలిలో రెండు గదులు అద్దెకి కావాలంటే ఐదు వేలు. గనిలో పని ఇప్పుడంతా కాంట్రాక్టర్ల చేతిలో ఉంది, బయటి నుంచి లారీల్లో మనుషుల్ని దింపుతున్నారు. కొండ కిందే పుట్టిన పిల్లలు గేటు దగ్గర నిలబడి పోతున్నారు. అందుకే ఫైనాన్స్ కంపెనీ పరీక్ష పెడితే స్కూలు గ్రౌండు నిండిపోయిందట. ఎస్తేరుకి వచ్చిన భాషలే దానికి ఉద్యోగం తెచ్చిపెట్టాయి. ఇంట్లో తెలుగు, బళ్ళో హిందీ, సంతలో హల్బీ, హాస్టల్లో నేర్చిన గోండీ, దోర్లీ.

“ఇది పర్మినెంటు అవకపోతే మరేటి సెయ్యాలో నాకు తెల్దక్కా” అని రత్నం చిక్కుళ్ళు ఒలుస్తూ నెమ్మదిగా అంది. దానియేలు విననట్టు రేడియో తిప్పుకుంటున్నాడు.

సాయంత్రం ఎస్తేరు వచ్చింది. ఇరవై రెండేళ్ళు, పిడికెడు నడుం, నీలం యూనిఫాం కోటు, మెడలో కార్డు. నా చిన్నప్పటి మొహం దానిది, నోరు మాత్రం నాది కాదు, మెత్తన. వచ్చీరాగానే కాళ్ళకి దండం పెట్టి, “పెద్దమ్మా, మా బ్రాంచి బీజాపూర్‌లో, నాతో అక్కడికి వస్తావా? ఒక్కదాన్నే ఉంటున్నాను” అంది. నా మోకాళ్ళు వద్దన్నాయి. నేను వస్తానన్నాను.

బీజాపూర్ సంత

ఆదివారం బస్సు. దారిలో నాలుగు చోట్ల ఆపి దింపారు, బ్యాగులు చూశారు, మళ్ళీ ఎక్కించారు. మొదటిసారి నాకు ఒళ్ళు మండింది. ఎస్తేరు నా చెయ్యి నొక్కి, “ఇది మామూలే, కార్డు చూపిస్తే అయిపోతుంది” అంది. దాని కార్డు చూసిన జవాను “లోన్‌వాలీ మేడమ్” అని నవ్వి పంపించేశాడు. ఆ కార్డు విలువ అప్పుడు తెలిసింది నాకు. దాని తండ్రి ముప్పై ఏళ్ళు పట్టాలు మోసినా ఆ మర్యాద దొరికి ఉండదు.

బీజాపూర్‌లో మేం దిగేసరికి సంత. ఆకు దొన్నెల్లో ఎర్ర చీమలు, గుడ్లతో సహా, దొన్నె పది రూపాయలు. ఉప్పు, మిరపకాయ కలిపి నూరితే చట్నీ. నేను నాలుక మీద పెట్టుకున్నాను, నిమ్మకాయ కంటే పులుపు, బాగుంది. గింజ తియ్యని చింతపండు కిలో ముప్పైకి కొంటున్నారు. మా ఎస్.కోట సంతలో అదే చింతపండుకి ఎంత పెడుతున్నానో గుర్తొచ్చి, రెండు కిలోలు కట్టించాను. అమ్మిన మనిషి తూకం వైపు చూడనే లేదు, షావుకారు ఎంతంటే అంత. నేను ముల్లు చూపించి “ఇది చూడు, కిందకి పోతోంది” అని గొడవ పెట్టబోతే ఎస్తేరు లాక్కుపోయింది.

కంపెనీ ఆఫీసు బస్టాండు వెనక, కొత్త బిల్డింగు మొదటి అంతస్తులో ఉంది. మెట్ల దగ్గర పెద్ద బ్యానరు. నవ్వుతున్న ఆడపిల్ల, కింద హిందీలో ‘మీ ఊళ్ళోనే మీకు ఉద్యోగం’ అని. ఎస్తేరు దాని ముందు నన్ను నిలబెట్టి ఫోటో తీసింది. నిజం చెప్పొద్దూ, నాకు గర్వంగానే ఉంది.

దాని గదిలో సోమ, మంగళ వారాలు వండిపెట్టాను. తెల్లారుజామునే లేచి స్కూటీ మీద పోయేది, మధ్యాహ్నం దాటాక దుమ్ము కొట్టుకుని వచ్చేది. తింటూ చెప్పేది. ఒక్కో ఊళ్ళో పదిమంది ఆడవాళ్ళు ఒక గ్రూపు. వారానికోరోజు, చెప్పిన టైముకి, పదిమందీ వరసగా చాప మీద కూర్చోవాలి. ముందు ప్రతిజ్ఞ, తరవాత కిస్తీ, ఆఖర్న ఫోటో. ఫోటో పావు తక్కువ ఎనిమిదిలోగా ఫోన్లో ఎక్కాలి. పదిమందీ ఉంటేనే హాజరు నిండినట్టు. ఆఖరి నెలలో ఒక్క మీటింగులో కూడా హాజరు తగ్గకూడదు, తగ్గితే పర్మినెంటు కాయితం ఉండదు.

“ఇప్పపూలు రాలే రోజులు కదే. పొద్దున్నే అడవికి పోరూ?” అన్నాను.

“పోతారు. నాకోసం ఆగుతున్నారు. మన పిల్ల నౌకరీ అంటారు” అంది. ఆ మాట అంటుంటే దాని మొహం వెలిగింది. ఇక ఒకే ఒక్క మీటింగు మిగిలింది, బుధవారం, తునికిగూడెంలో. నేనూ వస్తానన్నాను. నాలాగే ఊళ్ళు తిరిగే పని, ఎలా చేస్తుందో చూడాలనిపించింది.

తునికిగూడెం, బుధవారం

స్కూటీ వెనక కూర్చుని గంట ప్రయాణం. తారు రోడ్డు దిగి, ఎండిన వాగు దాటి ఊళ్ళోకి పోయేసరికి ఏడుంపావు. దోర్ల గిరిజనుల ఊరు. ఇళ్ళు దూరం దూరంగా, ప్రతి ఇంటికీ చుట్టూ వెదురు దడి. ఎక్కడో డోలు కొడుతున్నారు, మెల్లిగా, ఒకే వరసన. పండగేమో అనుకున్నాను.

ఒక ఇంటి ముందు పందిట్లో ఆడవాళ్ళు చాప మీద వరసగా కూర్చుని ఉన్నారు. ఒక్కరూ మాట్లాడటం లేదు. “అబ్బో, ఎంత క్రమశిక్షణే. మా ఊళ్ళో సంఘం మీటింగుకి ఇద్దరు వస్తే గొప్ప” అని మెచ్చుకున్నాను. ఎస్తేరు స్కూటీ స్టాండు వెయ్యకుండా అలాగే పట్టుకుని నిలబడిపోయింది.

గ్రూపు పెద్ద రామక్క లేచి వచ్చింది. యాభై దాటిన మనిషి, గొంతు బొంగురు పోయి ఉంది.

“లచ్చక్క పోయింది బిడ్డా. నిన్న పొద్దుమూకే యాళకి. నాలుగు దినాల నుంచి జొరం. వాళ్ళ పుట్టింటోళ్ళు గోదారవతల నుంచి రావాలె, వచ్చేదాంక ఎత్తం.”

లచ్చక్క ఆ గ్రూపులో పదో మనిషి. మేం నిలబడ్డది ఆవిడ ఇంటి ముందే. తలుపు తీసి ఉంది. లోపల నేల మీద కాళ్ళు కనిపించాయి, కొత్త గుడ్డ కప్పి ఉంది. మా వైపు చావింటికి ఉత్త చేతులతో పోతాం. ఇక్కడ వచ్చిన ప్రతి మనిషీ దోసెడు బియ్యమో, కోడో, గుడ్డ ముక్కో తెచ్చి పెడుతున్నారు. శవం లేచేదాకా ఊళ్ళో ఎవరూ పనిలోకి పోరు. ఇప్పపూలు చెట్ల కింద రాలి ఎండిపోతున్నా ఎవరూ కదల్లేదు.

ఎస్తేరు లోపలికి పోయి, శవం పక్కన కూర్చుని ఏడ్చింది. లచ్చక్క దానికి ఎన్నిసార్లు జావ పోసిందో నాకు తరవాత చెప్పింది. బయటికి వచ్చేసరికి ఫోను మోగుతోంది, మేనేజరు. ఫోటో ఇంకా రాలేదేమని అడుగుతున్నాడు. చనిపోయిందని ఎస్తేరు హిందీలో చెప్పింది. హిందీ అంతో ఇంతో అర్థమవుతుంది నాకు, అవతలి మాట వినిపించింది. మరణం కాగితం వచ్చేదాకా సిస్టంలో ఆమె ఉన్నట్టే, ఫోటోలో లేకపోతే గైర్హాజరే, తను చెయ్యగలిగింది లేదు అన్నాడు. ఫోను పెట్టేశాడు.

ఎస్తేరు టైము చూసుకుంది. ఏడున్నర దాటింది. “పోనీలే పెద్దమ్మా, పోదాం పద” అంది.

ఇక్కడ జరిగింది నా మూలానే జరిగింది. ముప్పై మూడేళ్ళ సర్వీసులో నేను టార్గెట్లు నింపినదాన్ని. ఇంటికి తాళం ఉన్నా టీకా వేసినట్టు రాసుకుని, మర్నాడు పోయి వేసొచ్చేదాన్ని. పై వాళ్ళకి అంకె కావాలి, మనకి పని కావాలి, రెండూ జరిగేటట్టు చూసుకోవాలి అని కొత్త పిల్లలకి నేనే నేర్పేదాన్ని. ఆ నోటితోనే అన్నాను. “వాళ్ళకి పది తలకాయలు కావాలంతే కదా. నేను కూర్చుంటాను. ముసుగేసుకుంటే ఎవరికి తెలుస్తుంది? రెండు నిమిషాల పని.”

ఎస్తేరు వద్దనలేదు. రామక్క వైపు చూసింది. రామక్కకి నా మాట అర్థమైంది, మా తెలుగుకీ వాళ్ళ మాటకీ అంత దూరమేం లేదు. చాప మీద చివర ఖాళీ ఉంది. అది చూపించి, “ఇది లచ్చక్క కూకునే చోటు” అంది. డోలు వినిపిస్తోంది. చివరికి రామక్కే, “పిల్ల నౌకరీ గదా. ఏం జేస్తం. కూకో” అంది.

కళ్ళజోడు తీసేసి, కొంగు నెత్తిన కప్పుకుని కూర్చున్నాను. పక్కనున్న ఆడమనిషి ఇటు జరగలేదు, అటు జరగలేదు, నా మోకాలు తన మోకాలికి తగలకుండా కాలు ముడుచుకుంది. ఫోటోతో పాటు ప్రతిజ్ఞ కూడా రికార్డు చెయ్యాలట. చెయ్యి ముందుకు చాపి పదిమందీ చెప్పాలి. సమయానికి వస్తాం, కిస్తీ కడతాం, ఒకరికి కష్టమొస్తే అందరం నిలబడతాం. చావింటి పందిట్లో తొమ్మిది గొంతులు చెప్పాయి. నేను పెదాలు కదిపాను. అప్పుడు తలెత్తితే గుమ్మంలో ఒక మగమనిషి నిలబడి మమ్మల్ని చూస్తున్నాడు. లచ్చక్క మొగుడు ఎంకయ్య. కోపంగా లేడు. ఏం జరుగుతోందో తెలియక చూస్తున్నాడంతే. నాకు భయం వేసింది అక్కడే.

ఫోటో ఎక్కింది. మేం బియ్యం తేలేదు, కోడి తేలేదు. ఎస్తేరు బ్యాగులో ఉన్న బిస్కెట్ ప్యాకెట్టు శవం దగ్గర పెట్టి వచ్చేశాం.

సన్మానం

శనివారం ఆఫీసులో బంతిపూల దండలు కట్టారు. సమోసాలు, పేడాలు తెప్పించారు. రాయ్‌పూర్ నుంచి వచ్చిన పెద్ద అధికారి హిందీలో అరగంట మాట్లాడాడు. వచ్చే ఏడాదికి ఇంకెన్ని బ్రాంచీలో, ఇంకెంతమంది పిల్లలకి ఉద్యోగాలో. పిల్లలు చప్పట్లు కొట్టారు, అబద్ధం ఎందుకు, నేనూ కొట్టాను. గోడవారగా కుర్చీల్లో తరవాతి బ్యాచికి వచ్చిన పిల్లలు ఫైళ్ళు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ఎస్తేరు పేరు పిలిచి కవరిచ్చారు. అది నా దగ్గరకొచ్చి కవరు నా చేతిలో పెట్టింది. రత్నానికి ఫోన్ చేస్తే అవతల ఏడుపు తప్ప మాట రాలేదు.

సమోసా సగం తిన్నానో లేదో, మెట్లెక్కి ఎంకయ్య వచ్చాడు. భుజాన తువ్వాలు, చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో పంచాయతీ సెక్రటరీ రాసిచ్చిన కాగితం. సభ్యురాలు చనిపోతే మిగిలిన అప్పు మాఫీ, దినాలకి కొంత డబ్బు, అది కంపెనీ రూలే. రామక్క చెప్పి పంపించింది. ఎస్తేరే గ్రూపు కట్టినప్పుడు ఆ రూలు వాళ్ళకి చదివి వినిపించింది.

మేనేజరు బిలాస్‌పూర్ కుర్రాడు, ఎస్తేరు కంటే నాలుగేళ్ళు పెద్ద ఉంటాడేమో. మర్యాదగా కాగితం తీసుకున్నాడు, కంప్యూటర్ చూశాడు, ఎస్తేరుని పిలిచాడు. వెనకే నేనూ వెళ్ళాను.

“మరణం మంగళవారం అని ఉంది. బుధవారం ఫోటోలో మనిషి ఉంది” అన్నాడు హిందీలో. “అడుగు, ఏమంటాడో.”

ఎస్తేరు అడిగింది. ఎంకయ్య తెర మీదకి వంగి చూశాడు. వేలు పెట్టి చూపించాడు.

“ఇది లచ్చక్క కాదు. మా లచ్చక్కకి చేతికి గడియారం ఏడిది?”

నా చేతి గడియారం. నాడి చూడ్డానికి కొనుక్కున్నది, ఇరవై ఏళ్ళుగా నా మణికట్టు మీదే ఉంది. కళ్ళజోడు తీశాను గానీ అది నాకు గుర్తే రాలేదు. ఎంకయ్య తలెత్తి నన్ను చూశాడు, గుర్తుపట్టాడు. “నువ్వు కూకున్నవు గదా అమ్మా, ఆమె చోట. జెప్పు సారుకి” అన్నాడు. అందులో నింద లేదు. సాక్షి దొరికిందని సంతోషించాడు.

మేనేజరుకి ఆ మాట అర్థం కాలేదు, కానీ వేలు ఎటు చూపించిందో అర్థమైంది. ఫోటో పెద్దది చేసి, “యే ఆప్ హై క్యా, మాతాజీ?” అన్నాడు, ఇది మీరేనా అని.

నా చేతిలో ఎస్తేరు కవరు ఉంది. నేను అడ్డంగా తలూపాను. కాదు అన్నాను, తెలుగులో, గట్టిగానే. మే నెల, ఐదు వేల అద్దె, రత్నం ఏడుపు, అన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి. ఎంకయ్య నోరు తెరిచి నన్నే చూస్తున్నాడు. ఆ చూపు తప్పించుకోవడానికి గడియారం ఉన్న చేతిని కొంగు కింద పెట్టుకున్నాను. ఈ వయసులో.

“పెద్దమ్మా, చెయ్యి బయటికి తియ్యి” అంది ఎస్తేరు. నేను తియ్యలేదు. అది మేనేజరు వైపు తిరిగి హిందీలో చెప్పడం మొదలుపెట్టింది. ఎంకయ్య చెప్పింది చెప్పినట్టు. లచ్చక్క మంగళవారం పోయింది. ఫోటోలో పదో మనిషి మా పెద్దమ్మ. తీసింది నేను అని చెప్పేసింది. ఎక్కడా ఆగలేదు, ఏడవలేదు.

పాపం, మేనేజరు చెడ్డవాడేం కాదు. లేచి తలుపు వేసి వచ్చాడు, హాల్లో ఇంకా పాటలు పెడుతున్నారు. తరవాత నా చేతిలో కవరు అడిగి తీసుకున్నాడు. ఎస్తేరు మెడలో కార్డు తనే తీసి బల్ల మీద పెట్టింది. స్కూటీ తాళం కూడా పెట్టింది. లచ్చక్క ఫైలు పైకి పంపిస్తామని, తప్పుడు ఫోటో ఉంది గనక విచారణ అయ్యేదాకా కిస్తీ ఆగదని, మొగుడు కట్టకపోతే మిగిలిన తొమ్మిదిమందీ కట్టాలని చెప్పాడు. ఆ మాట కూడా ఎస్తేరే ఎంకయ్యకి దోర్లీలో చెప్పాల్సి వచ్చింది. ఉద్యోగంలో అది చేసిన ఆఖరి పని అదే.

కిందకి దిగాక ఎంకయ్య మాతో పాటు బస్టాండు దాకా వచ్చాడు. ఎస్తేరు మెడలో కార్డు లేదని అప్పుడు గమనించాడు.

“నీ నౌకరీ పోయిందా బిడ్డా?”

“పోయింది బాబాయ్.”

కాసేపు తువ్వాలు సర్దుకున్నాడు. “నేను రాకుండ ఉండాల్నా ఏంది?” అన్నాడు.

“లేదు. రావాలి” అంది ఎస్తేరు. ఆయన జీపెక్కి వెళ్ళిపోయాడు. నా వైపు చూడలేదు. క్షమాపణ మాట నా నోటిదాకా వచ్చింది, జీపు కదిలేదాకా అక్కడే ఉంది.

బచేలిలో ఆఖరి రోజు

రత్నం నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. ఎస్తేరు చెప్పింది కదా, పెద్దమ్మ తప్పేం లేదని. దానియేలు మాత్రం ఆ రోజు నుంచీ నాతో తిండి దగ్గర కూర్చోలేదు. నేను తెచ్చిన చింతపండు మూట మూలన అలాగే ఉండిపోయింది.

బుధవారం తెల్లవారుజామున మెలకువ వచ్చి చూస్తే ఎస్తేరు తలస్నానం చేసి, జడేసుకుని, గుమ్మంలో కూర్చుని ఉంది. కంపెనీ కోటు తిరిగిచ్చేసింది, మామూలు చుడీదార్ వేసుకుంది. అలవాటుకి లేచేశానంది. తునికిగూడెంలో ఇంకాసేపట్లో కొత్త పిల్ల ఆడవాళ్ళని చాప మీద కూర్చోబెడుతుందట. ఆ రోజు గోడవారగా ఫైలు పట్టుకుని కూర్చున్నవాళ్ళలో ఒకతిని సోమవారమే చేర్చుకున్నారట, హాస్టల్లో దీనికి స్నేహితురాలే. ఎంకయ్య పెళ్ళాం చోట కూర్చుని కిస్తీ కడతాడో లేదో తెలియదు.

నేను దాని పక్కన కూర్చున్నాను. నాలుగు రోజులుగా గొంతులో ఉన్నది కక్కేశాను. “నా పాడు నోటి మూలాన నీ బతుకు పోయిందే. ఆ చాప మీద నేను కూర్చోకుండా ఉంటే ఇదంతా లేదు. నన్ను తిట్టవే, ఒక్కసారి తిట్టు” అన్నాను. ఏడుపొచ్చేసింది నాకు.

ఎస్తేరు నా చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది. గడియారం అప్పటికే తీసి పెట్టెలో పడేశాను.

“నువ్వు కూర్చోకపోతే నేనే ఎవర్నో ఒకర్ని అడిగేదాన్ని పెద్దమ్మా. ఇది నాలుగోసారి. నేనొక్కదాన్నే కాదు, మా బ్యాచి అంతా అంతే. ఎవరో ఒకరు అడవికి పోతారు, కాన్పుకి పోతారు. పక్కింటావిడని కూర్చోబెట్టేస్తాం.” మళ్ళీ తనే అంది, “ముందు మూడుసార్లు రానివాళ్ళు మర్నాటికి తిరిగొచ్చారు. అంతే తేడా.”

ఆ మాట విన్న క్షణం నాకు గుండెల మీద బరువు దిగిపోయింది. నా ఒక్కదాని తప్పు కాదన్నమాట అనుకున్నాను, హాయిగా ఊపిరి తీసుకున్నాను. మర్నాడు బండెక్కాక, జగదల్‌పూర్ దాటాక తట్టింది, ఆ పిల్ల ఆ సంగతి నాకు ఎందుకు చెప్పిందో. నన్ను ఊరుకోబెట్టడానికి చెప్పింది. ఉద్యోగం పోగొట్టుకున్నది అది, ఓదార్పు పుచ్చుకుని వచ్చింది నేను.